ఊరి నుయ్యి, సర్కారు చేద



హౌరాలో బయలుదేరిన ఖరగ్‌పూరు లోకలు బండి ఏడెనిమిది కిలోమీటర్లు నడచి సంత్రాగాఛి జంక్షనులో ఆగునప్పుడు, స్టేషను ప్రక్కనే ఒక విశాలమైన చెరువు కానవచ్చును. ఇచ్చటివారు దానిని ఝీల్ అందురు. కార్తికము వెళ్ళి మార్గశిరము ప్రవేశించునప్పటికి, ఈల వేసినట్లు కూయు చిన్న బాతులు వేలకొలదిగా వచ్చి ఆ నీటిమీది గుర్రపుడెక్క దిబ్బలపై వ్రాలును. ఈ ఊరి కందకు వంగదేశమంతట పేరు కలదు. వచ్చిన చుట్టమునకు కంద వండిపెట్టి, బాతులను చూపి పంపుట ఇచ్చటి మర్యాద; నేను మాత్రము నేడు మిమ్ములను ఆ చెరువుగట్టు దాటించి, రైల్వే క్వార్టర్ల వెనుకనున్న ఒక ఇరుకు సందులోనికి తీసికొనిపోవుదును. ఆ సందులో నుండి ప్రతి ఉదయము ముగ్గురు తెలుగు పిల్లలు మూడు బడులకు బయలుదేరుదురు. ప్రజాధనము ఆ ముగ్గురిని ఏయే దారుల చేరుచున్నదో, ఆ పంపకము న్యాయముగా నున్నదో లేదో విచారించుటయే ఈనాటి ప్రసంగవిషయము.

తెలుగువారు ఇచ్చటికెట్లు వచ్చిరని అడుగువారికి ఈ పట్టాలే సమాధానము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, 1900లో హౌరాకు దారి వేసికొని, అటుపిమ్మట కటకము నుండి వాల్తేరు వరకు గల తూర్పుతీరపు మార్గమును తన చేతిలోనికి తీసికొన్న నాటినుండి, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణముల పల్లెలలోని జనము గ్యాంగుమెన్లుగను, ఖలాసీలుగను, ఫైర్‌మెన్లుగను ఖరగ్‌పూరుకును, అచ్చటినుండి ఈ ప్రాంతమునకును తరలివచ్చిరి. కంపెనీ పోయి, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే వచ్చినను, పెద్దవారి నోట నేటికిని అది బియ్యెన్నారే. నాలుగు తరములు గడచినవి. ఆ సందులో సంక్రాంతికి ముగ్గులు పడును, ఇండ్లలో చింతపండు పులుసు మరుగును. బడి మాత్రము తెలుగు కాదు.

ముగ్గురిలో మొదటివాడు కేంద్రీయ విద్యాలయమునకు పోవు బాలుడు. తండ్రి రైల్వేలో టెక్నీషియను. 1963లో ఇరువది రెజిమెంటు పాఠశాలలతో ఆరంభమైన ఈ విద్యాలయ వ్యవస్థ, ఊరూరు బదిలీ అగు కేంద్రోద్యోగుల బిడ్డలకు చదువు తెగిపోకుండుటకై పుట్టినది. ఖర్చంతయు కేంద్ర ప్రభుత్వమునది. ఎనిమిదవ తరగతి వరకు బోధనా రుసుమే లేదు, వికాసనిధి పేర నెలకు 500 రూపాయలు తీసికొందురు. రెండవది ప్రైవేటు ఇంగ్లీషు బడికి పసుపుపచ్చ వ్యానులో పోవు బాలిక. తండ్రి రైల్వే గుమాస్తా. ఆ బడికి సర్కారు దమ్మిడీ ఇవ్వదు. కాని ఆ గుమాస్తాకు పిల్లల విద్యాభత్యమని 2017 జులై నుండి నెలకు 2,250 రూపాయలును, 2024 జనవరి నుండి 2,812 రూపాయల 50 పైసలును, ఇద్దరు బిడ్డల వరకు ఒక్కొక్కరికి ముట్టుచున్నది. తాను చెల్లించిన ఫీజు ఎంతయైనను భత్యము అంతే. బిడ్డ చదువుచున్నదని బడి పెద్ద ఇచ్చు ధ్రువపత్రమొకటి చాలును. సంవత్సరమునకు లెక్కించిన ఒక్క బిడ్డకు 33,750 రూపాయలు.

మూడవది తొమ్మిదవ తరగతి చదువు పిల్ల. ఆమె తల్లి కాంట్రాక్టరు క్రింద రైలుబోగీలు కడుగును. పిల్ల పోవునది రాష్ట్రప్రభుత్వ సహాయముతో నడచు బెంగాలీ బడి. ఉపాధ్యాయుల జీతములు రాష్ట్ర ఖజానానుండి వచ్చును, బడి వసూలు చేయు రుసుము ఏడాదికి 240 రూపాయలను మించరాదు, ఎనిమిదవ తరగతి వరకు మధ్యాహ్నము అన్నము పెట్టుదురు, తొమ్మిదవ తరగతికి వచ్చినవారికి 2015 నుండి సబుజ్ సాథీ పథకము క్రింద సైకిలు ఇచ్చుచున్నారు. ఇవి స్వల్పమైన మేళ్ళు కావు. అయినను ఒక్క మాట చెప్పక తప్పదు. గుమాస్తా కుమార్తెకు ముట్టిన విద్యాభత్యము ఈ పిల్లకు లేదు. ఎందుకనగా తల్లి జీతపు కాగితముమీద రైల్వే పేరు లేదు, కాంట్రాక్టరు పేరు కలదు. కడుగునది రైల్వే బోగీ. కడుగునామె మాత్రము రైల్వే మనిషి కాదు. కేంద్రీయ విద్యాలయపు తలుపు తట్టుదమన్నను, ఒకటవ తరగతిలో విద్యాహక్కు చట్టము క్రింద లాటరీకి విడిచిన నాలుగవ వంతు సీట్లు తప్ప, తక్కినవానికి ముందు వరుసలో నిలుచువారు కేంద్రోద్యోగుల పిల్లలే.

గత మార్గశిరమున ఒక ఉదయము ఆ తల్లితో మాటలాడితిని. చేతులు ఇంకను సబ్బునీటి తడితో ఉన్నవి. చలికి వ్రేళ్ళ కొనలు ముడుతలుపడి తెల్లబారినవి. "బడి ఎట్లున్నదమ్మా?" అని అడిగితిని. ఆమె ఒక క్షణము ఆలోచించి, "సైకిలిచ్చినారు బాబూ, తిండెట్టినారు, జీతం కట్టమన్నేదు. మాయమ్మకి నాలుగు తెలుగు ముక్కలు రాయమంటే మాత్రం పిల్లకి రాదు" అనెను. బడికి కట్టు రుసుమును జీతమనుట మన పల్లెల పాత వాడుక. శ్రీకాకుళము విడిచి మూడు తరములైనను ఆ మాట ఆమెను విడువలేదు. ఈ సంత్రాగాఛి నుండి తిరుపతికి పోవు రైలొకటి కలదు. దాని బోగీలను ఆమె కడుగుచుండగా, ప్రక్కన తగిలించిన బోర్డుమీద తిరుపతి అను నాలుగు తెలుగక్షరములను ఆ పిల్ల చదువలేక, క్రిందనున్న ఇంగ్లీషు అక్షరములను చదివి చెప్పుట నేను కన్నులార చూచితిని.

ప్రభుత్వధనము సర్కారు బడులకే పోవలెనా, ప్రైవేటు బడులకును పోవచ్చునా అని మన పత్రికలలో వాదము జరుగుచునే యుండును. బడి ఎవరి ఆస్తియో తేల్చినంతమాత్రమున న్యాయము తేలదని నా నిశ్చితాభిప్రాయము. ఆ బడి తలుపు ఎవరికి తెరువబడునో, ఎవరి ముఖముమీద మూయబడునో తెలిసినగాని పంపకము మంచిచెడ్డలు తెలియవు. ఈ అభిప్రాయమునకు నన్ను తెచ్చినవి సిద్ధాంతగ్రంథములు కావు, మన దేశపు బడుల చరిత్రయే.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానిలోని దేశీయ విద్యాలయముల వివరములు పంపుడని కలెక్టర్లను ఆజ్ఞాపించెను. లెక్క తేలునప్పటికి 12,498 బడులున్నవి. మరుసటి సంవత్సరము బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ పంపిన నివేదికయందు, తెలుగును కన్నడమును బోధించు వీధిబడులను గూర్చి ఎన్నియో విశేషములు కలవు. ఆ జిల్లాలో 533 బడులున్నవనియు, వానిలో ఒక్కటైనను ప్రభుత్వమునుండి ఆసరా పొందుటలేదని చెప్పుటకు తాను సిగ్గుపడుచున్నాననియు ఆ దొర వ్రాసెను. పూర్వపు ప్రభువులు విద్యకై విడిచిన మాన్యములు పోయినవి, ఇంగ్లండు బట్టల రాకచే నేతగాండ్రు చితికిరి, అయ్యవారికి నెలనెల ఇవ్వవలసిన కొద్ది అణాలును ఇవ్వలేక తల్లిదండ్రులు పిల్లలను మానిపించి కూలికి పంపుచున్నారు. అది ప్రైవేటు విద్య అందుమా, ప్రజల విద్య అందుమా? ఊరివారు పెట్టుకొన్నది, ఊరివారే పోషించినది, ఊరు పేదదైనంతనే మూతపడినది. దానినుండి నేర్వదగిన పాఠము స్పష్టము. కేవలము తల్లిదండ్రుల సంచిపై ఆధారపడిన బడి, సంచి ఖాళీయైన నాడు పిల్లవానిని వీధిలో విడుచును.

ముప్పది యేండ్లు గడచిన పిమ్మట, 1854 జులైలో, సర్ చార్లెస్ వుడ్ పేర ప్రసిద్ధమైన విద్యాపత్రము సీమనుండి వచ్చెను. నేటికిని మనము ఎయిడెడ్ అని పిలుచు బడుల పుట్టుక అందులోనే. ఎవరు స్థాపించిన బడియైనను, అందు మంచి లౌకికవిద్య గరపుచు, స్థానికులైన బాధ్యులు నిర్వహించుచు, సర్కారు తనిఖీకి ఒప్పుకొనుచు, ఎంత స్వల్పమైనను పిల్లలవద్ద కొంత రుసుము పుచ్చుకొనుచున్నచో, ఖజానానుండి గ్రాంటు ఇయ్యవచ్చునని అందలి నిబంధన. వినుటకు సమంజసముగనే యున్నది; ఎవరిపట్లను పక్షపాతము లేదు. కాని నిబంధన అందరికి ఒక్కటే అయినంతమాత్రమున ఫలము అందరికి ఒక్కటి కాదు. భవనము, నిధి, పలుకుబడి ముందే గలవారికి, మచిలీపట్టణమున రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన పాఠశాలవంటి మిషనరీ సంస్థలకు, ఆ షరతులు తేలికగా చెల్లినవి. చందా పోగుచేయలేని పల్లెకు, రుసుము కట్టలేని ఇంటికి, ఆ గ్రాంటు అందని ద్రాక్ష.

ఇందులకు మన పొరుగుననే, ఈ వంగభూమిలోనే, మరపురాని నిదర్శనమొకటి జరిగినది. ఈశ్వరచంద్ర విద్యాసాగరులు 1857 నవంబరు మొదలు 1858 మే వరకు ఏడు మాసములలో హుగ్లీ, బర్ద్వాన్, మేదినీపురము, నదియా జిల్లాలయందు ముప్పదియైదు బాలికాపాఠశాలలు తెరచిరి. పదమూడు వందల మంది బాలికలు చేరిరి. ఆ మేదినీపురము జిల్లాలోనిదే మన తెలుగువారి ఖరగ్‌పూరు. లెఫ్టినెంటు గవర్నరు హాలిడే ప్రోత్సాహమును నమ్ముకొని విద్యాసాగరులు పని సాగించిరి. కాని ఆ బడులు గ్రాంటు నిబంధనలకు లోబడలేదు. ఆడపిల్లను బడికి పంపుటయే మహాభాగ్యమని యెంచు ఆ కాలమున, పంపిన తల్లిదండ్రులను రుసుము కూడ ఇమ్మని ఎవరు అడుగగలరు? పల్లెవారు చందాలు ఎక్కడినుండి తేగలరు? భారత ప్రభుత్వము శాశ్వత సహాయమునకు ఒప్పుకొనలేదు. నెలల తరబడి ఉపాధ్యాయులకు జీతములు లేవు. బాకీ 3,439 రూపాయలకు పెరిగినది. ఎన్నియో ఉత్తర ప్రత్యుత్తరముల పిమ్మట ఆ పాతబాకీ మాత్రము తీర్చిరి. విద్యాసాగరులు 1858 నవంబరులో సంస్కృత కళాశాల అధ్యక్షపదవిని విడిచిపెట్టి, చందాలు కూర్చియు, చేతిసొమ్ము వెచ్చించియు కొన్ని బడులను నిలిపిరి. ఆ ఉత్తరప్రత్యుత్తరములలో నియమము ఎక్కడను ఉల్లంఘింపబడలేదు. పదమూడు వందల మంది బాలికల చదువు మాత్రము సందేహమున పడినది. దక్షిణదేశపు విద్యాసాగరుడని కీర్తి గాంచిన మన వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికలకు బడి పెట్టినప్పుడు ఎంత ధైర్యము కావలసివచ్చినదో, ఈ కథ తెలిసినవారికి మరింత బాగుగ బోధపడును.

మన పల్లెలలో నుయ్యి త్రవ్వించిన గృహస్థులు రెండు విధములుగ నుండెడివారు. ఒకరు పెరటిలో త్రవ్వించుకొని చుట్టు గోడ పెట్టుకొనిరి. అది వారి ఇష్టము. వారిని తప్పుపట్టుటకు మనకు హక్కు లేదు. మరియొకరు త్రవ్వించినది సొంత స్థలములోనే అయినను, వీధివైపు గోడ తీసివేసి, వచ్చినవారినందరిని తోడుకొనుడనిరి. ఈ రెండవ నూతికి పంచాయతి తాడు కొనియిచ్చినను, చేద ఇచ్చినను, పూడిక తీయించినను న్యాయమే. నుయ్యి ఎవరి పట్టాలో ఉన్నదని ఎవరు అడుగుదురు? మొదటి నూతికి పంచాయతి చేద ఇయ్యనవసరము లేదు. ఇక ఊరుమ్మడి నుయ్యి కలదు, ఎవరిని కాదనుటకు ఎవరికిని వీలులేనిది. తాడును చేదను మొదట చేరవలసినది దానికి. ఊరుమ్మడి నూతి గిలక విరిగియుండగా, చేద చిల్లిపడియుండగా, పెరటి నూతులకు ఇత్తడి చేదలు పంచిన పంచాయతిని ఏమనవలెనో శ్రోతలే చెప్పుదురు గాక.

రాజ్యాంగ నిర్మాతలకు ఈ సూక్ష్మము తెలియును. రైల్వే పట్టణములలో ఆంగ్లో ఇండియనుల బడులకు తెల్లదొరల కాలమున మిక్కుటమైన గ్రాంటులు ముట్టుచుండెడివి. వానిని హఠాత్తుగా ఆపినచో బడులు కూలిపోవును. అట్లే కొనసాగించినచో తక్కినవారికి అన్యాయము. అందుచే 337వ అధికరణమున ఒక మెట్లదారి కట్టిరి. మొదటి మూడు సంవత్సరములు 1948 మార్చితో ముగిసిన సంవత్సరమునందిచ్చినంత గ్రాంటే ఇయ్యవలెను. ఆపైన మూడేసి యేండ్లకు పదింట ఒక వంతు తగ్గింపవచ్చును. పదేండ్లకు ఆ ప్రత్యేకత ముగియవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది అందలి కడపటి షరతు. ఏటేటి ప్రవేశములలో నూటికి నలుబది తక్కిన వర్గముల పిల్లలకు విడువని బడి ఈ గ్రాంటుకు అర్హము కాదు. ఈ నిబంధన గడువు తీరి అరువది యేండ్లు దాటినను, అందలి న్యాయదృష్టి నాకు నేటికిని ఆదర్శప్రాయముగ తోచును. అట్టి పాత బడులలో కొన్నింటికి పశ్చిమ వంగ ప్రభుత్వము ఉపాధ్యాయుల కరవుభత్యము మాత్రమే చెల్లించుచున్నది; వానిని ఇచ్చటి విద్యాశాఖ పరిభాషలో డి.ఏ. గెట్టింగ్ స్కూళ్ళందురు. తాడు మాత్రము సర్కారుది, చేద వారిది.

భాషాల్పసంఖ్యాకుల విషయమునను రాజ్యాంగము మౌనము వహింపలేదు. అల్పసంఖ్యాకుల యాజమాన్యమున నున్నదను కారణమున ఏ బడికిని గ్రాంటులో వివక్ష చూపరాదని 30వ అధికరణము శాసించుచున్నది. 1956లో చేర్చిన 350ఎ అధికరణము, ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు యత్నింపవలెనని చెప్పుచున్నది. అంతకు ముందే, 1949 ఆగస్టులో, రాష్ట్రముల విద్యామంత్రులు సమావేశమై ఒక లెక్క నిర్ణయించిరి. ఒక బడిలో ఒక భాష పిల్లలు మొత్తము నలుబది మంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని ఉన్నచో, ఆ భాషకు ఒక ఉపాధ్యాయుని నియమింపవలెను. ఈ బెంగాలులో మాధ్యమిక పరీక్షకు ప్రథమభాషగా తీసికొనదగిన భాషలలో తెలుగు కలదు. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గము తెలుగును అధికారభాషలలో చేర్చుటకు అంగీకరించినది. కాగితముమీద ఇంతకంటె ఏమి కావలెను?

ఇప్పుడు ఆ సందులోని ముగ్గురు పిల్లలను మరల జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఒక్క బడికి పోయియున్నచో ఆ సందు పిల్లలు, ప్రక్క సందు పిల్లలు కలిసి ఒక తరగతికి పదిమంది కాకపోవుదురా అని నేను ఎన్నియో పర్యాయములు వ్రేళ్ళు మడిచి లెక్కించుకొంటిని. కాని ఒకడు కేంద్రపు బడికి, ఒకతె ప్రైవేటు బడికి, ఒకతె రాష్ట్రపు బడికి చెదరిపోవుటచే ఎక్కడను పది కాదు, ఎక్కడను నలుబది కాదు. బడులకు ధనము పంచు విధానము పిల్లలను విడదీసినది. విడదీసిన పిమ్మట సంఖ్య చాలదని ఉపాధ్యాయుని నిరాకరించుచున్నది. తలకింత అని లెక్కగట్టి ఇచ్చు సహాయము పెద్ద సమూహములకు న్యాయము చేయునేమో గాని, చిన్న సమూహములకు చేయదు. పదిమంది పిల్లలకైనను ఉపాధ్యాయుడు ఒక్కడు కావలెను; పది తలలకు వచ్చిన ధనముతో నాలుగవ వంతు ఉపాధ్యాయుని కొనలేము గదా.

మన రాష్ట్రమువైపు చూతము. ఆంధ్రదేశమున ఎయిడెడ్ బడులు, కళాశాలలు దాతలు స్థలమిచ్చి, ఊరివారు ఇటుకలు మోసి నిలిపినవి. ప్రభుత్వము జీతములిచ్చెను, అందులకు ప్రతిగా రుసుమునకు హద్దు, ఉపాధ్యాయుల అర్హతకు నియమము, తనిఖీకి అధికారము పుచ్చుకొనెను. ఏండ్ల తరబడి ఖాళీలు నింపకపోవుటచే ఆ బడులు లోలోపల శుష్కించినవి. 2021 ఆగస్టులో ప్రభుత్వము, ఆస్తులతో సహా సంస్థను అప్పగించుడు, లేదా సిబ్బందిని మాకిచ్చి సహాయము లేని ప్రైవేటు బడిగా నడుపుకొనుడు అని యాజమాన్యములకు ఎంపిక పెట్టెను. సహాయము పోయినంతనే ఫీజులు పెరుగును, లేదా బడి మూతపడును. ఈ రెంటిలో ఏది జరిగినను నష్టపడునది పేదపిల్లలే. విశాఖపట్టణములో తల్లిదండ్రులు, అనంతపురములో విద్యార్థులు వీధికెక్కిరి. నవంబరులో ప్రభుత్వము వెనుకకు తగ్గి, కోరినవారు ఎయిడెడుగనే కొనసాగవచ్చుననెను. ఆ తల్లిదండ్రులు యాజమాన్యముల తరఫున వీధికెక్కలేదు; తమ బిడ్డకు తెరచియుంచిన తలుపు మూతపడునను భయముతో వచ్చిరి.

అదే రాష్ట్రమున 2020 జనవరిలో అమ్మ ఒడి పేర తల్లికి సంవత్సరమునకు 15,000 రూపాయలిచ్చుట ఆరంభించిరి; 2025 జూనులో తల్లికి వందనము పేర, ఇంటిలో ఎంతమంది పిల్లలున్న అంతమందికి, తల్లి ఖాతాలో 13,000, బడుల నిర్వహణకు 2,000 అను ఏర్పాటు వచ్చినది. సర్కారు బడి పిల్లకును, ప్రైవేటు బడి పిల్లకును ఒకే మొత్తము. పేదతల్లి చేతిలో డబ్బు పడుటను నేను హర్షింతును. బిడ్డను పొలముపనికి పంపక బడికి పంపిన ఆమెకు అది గౌరవము. కాని ప్రైవేటు బడి విషయమున ఆ డబ్బు తల్లి చేతిమీదుగా ఫీజు కౌంటరునకు పోవును; పోయిన డబ్బునకు బదులుగా ఆ బడి ప్రజలకు ఏ మాటయు ఇయ్యదు. ఫీజు పెంచనన్న మాట లేదు, పేదపిల్లకు సీటు ఇచ్చెదనన్న మాట లేదు. షరతుతో ఇచ్చినది సహాయము. షరతు లేనిది కొనుగోలు. కొనుగోలునకు ప్రజాధనమును వాడునప్పుడు, కొన్నది ఏమిటో ప్రజలకు కనబడవలెను.

ఇందులకు పెద్దలు కొందరు చెప్పు ఆక్షేపణ కలదు. ప్రైవేటు బడికి పంపువారును పన్నులు కట్టుచున్నారు గదా, వారు పన్నును కట్టి, ఫీజును కట్టి, రెండుమార్లు ఎందుకు నష్టపడవలెనని. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. కాని సంతానము లేనివారును పన్ను కట్టుచున్నారు. పిల్లల చదువు ముగిసిన వృద్ధులును కట్టుచున్నారు. ఆ బోగీలు కడుగు తల్లియు ఉప్పుమీద కాకున్న సబ్బుమీద కట్టుచున్నది. బడి పన్ను చెల్లించినవారికి తిరిగి ముట్టు చిల్లర కాదు. దేశములో పుట్టిన ప్రతి బిడ్డకు దేశము తీర్చవలసిన ఋణము. 1964 నుండి 1966 వరకు విచారణ జరిపిన కొఠారీ సంఘము, ఒక పేటలోని పిల్లలందరు, ఉన్నవారి బిడ్డలు లేనివారి బిడ్డలు, ఒకే బడిలో చదువవలెననియు, జాతీయాదాయములో నూటికి ఆరు వంతులు విద్యకు వెచ్చింపవలెననియు చెప్పెను. ఆ రెండు మాటలును ఈనాటికిని నెరవేరలేదు. ఆ నూటికి ఆరును ముందు తెరచియున్న తలుపులకు పంచియున్నచో, ప్రైవేటు బడి అవసరము ఎందరికి ఉండెడిదో!

2010 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఈ గోడను కొంత పగులగొట్టుటకు యత్నించినది. సహాయము పొందని ప్రైవేటు బడి సయితము ఒకటవ తరగతిలో నాలుగవ వంతు సీట్లు బలహీనవర్గముల పిల్లలకు విడువవలెను. ప్రభుత్వము తన బడులలో ఒక పిల్లవానికి వెచ్చించు మొత్తము, ఆ బడి వసూలు చేయు మొత్తము, ఈ రెంటిలో తక్కువదానిని చెల్లించును. ఇది పెరటి నూతి గోడకు చిన్న కిటికీ వంటిది, మంచి ఏర్పాటు. 2014లో సర్వోన్నత న్యాయస్థానము అల్పసంఖ్యాకుల బడులకు, సహాయము పొందువానికి సయితము, ఈ చట్టము వర్తింపదని తీర్పు చెప్పెను. అందుచే రేపు మనము ప్రవాసాంధ్రులము ఒక బడి పెట్టి, సర్కారు సహాయము తీసికొన్నను, కాంట్రాక్టు తల్లి బిడ్డను రావద్దనుటకు మనకు చట్టప్రకారము వీలుండవచ్చును. ఆ వీలును మనము వాడుకొనరాదు. తెలుగు పేర తీసికొన్న ధనము తెలుగు పేదకు తలుపు తీయకున్నచో, విద్యాసాగరుల బాలికలను కాదన్న ఆనాటి కాగితములకును మనకును భేదమేమి?

ఆ తొమ్మిదవ తరగతి పిల్ల ప్రస్తుతము ఆదివారములు ఒక ఇంటి వరండాలో తెలుగు నేర్చుకొనుచున్నది. నేర్పువాడు పదవీవిరమణ చేసిన ఒక గార్డు. పలకలు ఆయనవే, సుద్దముక్కలు ఆయనవే. ఎనిమిదిమంది వచ్చుచున్నారు. పదికి ఇద్దరు తక్కువ.

శ్రోతలారా, మీలో సంత్రాగాఛివారు, శాలిమారువారు, ఖరగ్‌పూరువారు ఎందరో కలరు. మీ పిల్లలు పోవు బడి ప్రజాధనమును ఎంత తీసికొనుచున్నదో, దానికి బదులు ఎంతమంది పేదపిల్లలను చేర్చుకొన్నదో, అందు తెలుగు పిల్లలు ఎందరున్నారో మీరు అడుగవచ్చును. ఖజానాచేత గణనీయముగ పోషింపబడు విద్యాసంస్థలు సమాచారహక్కు చట్టమునకు లోబడునని సర్వోన్నత న్యాయస్థానము 2019లో చెప్పియున్నది. లెక్కలు కూడగట్టుడు. పది తేలిన తరగతిని, నలుబది తేలిన బడిని పట్టుకొని, 1949 నాటి నిర్ణయమును చేతబట్టుకొని జిల్లా విద్యాధికారి కార్యాలయమునకు కలిసి వెళ్ళుడు, ఒంటరిగా పోకుడు. రైల్వే ఉద్యోగులు ముందు నడచి, కాంట్రాక్టువారిని వెంట తీసికొనిపోవుడు. ఆ సమాచారహక్కు చట్టము క్రింద పెట్టు దరఖాస్తునకు రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదియు లేదు.